చెల్లుబాటే విలువ: వోర్గ్ల్ పట్టణ స్థానిక ద్రవ్యం (1932–33)

తెలుగులో ‘చెల్లు’ ధాతువు నుంచే ‘చెల్లించు’, ‘చెల్లింపు’, ‘చెల్లుబాటు’ అనే మాటలు ఏర్పడ్డాయి. డబ్బు విలువ చేతిలో ఉండటంలో కాక మరొకరి దగ్గర చెల్లడంలో ఉందని ఈ పదకుటుంబం సూచిస్తుంది. ఈ భావాన్ని ఆచరణలో పరీక్షించిన పట్టణం ఆస్ట్రియాలోని వోర్గ్ల్. అధికారిక ద్రవ్యానికీ స్థానిక ద్రవ్యానికీ గల భేదం పరిమాణంలో ఉందా, స్వభావంలో ఉందా అన్నది ఆ పట్టణ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1931 మే నెలలో వియన్నాలోని క్రెడిట్ అన్‌స్టాల్ట్ బ్యాంకు కుప్పకూలడంతో ఆస్ట్రియా ఆర్థిక సంక్షోభం తీవ్రమైంది. ధరలు పడిపోయే కాలంలో దాచిన డబ్బుకు కొనుగోలు శక్తి దానంతటదే పెరుగుతుంది. అందువల్ల డబ్బున్నవారు దాన్ని బయటికి తీయలేదు. టిరోల్ ప్రాంతంలోని ఈ చిన్న పట్టణంలో పని కోసం ఎదురుచూసే కార్మికులున్నారు, బాగు చేయవలసిన వీధులున్నాయి. ఆ రెండింటినీ కలిపే డబ్బు మాత్రం కరవైంది. పన్ను బకాయిలు పేరుకుపోయి పురపాలక సంఘం కూడా నిస్సహాయ స్థితికి చేరింది.

పురపాలక అధ్యక్షుడు మిఖాయెల్ ఉంటర్‌గుగ్గెన్‌బెర్గర్ రైల్వే కార్మికుడు. సిల్వియో గెసెల్ (1862–1930) సిద్ధాంతాలను అధ్యయనం చేసినవాడు. ధాన్యం పుచ్చిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, డబ్బు మాత్రం చెడదు. కనుక సరుకున్నవాడు ఆగలేడు, డబ్బున్నవాడు ఆగగలడు. ఈ అసమానత తొలగాలంటే డబ్బుకూ నిలవ ఖర్చు ఉండాలన్నది గెసెల్ వాదన సారాంశం.

1932 జూలై చివరలో పురపాలక సంఘం 1, 5, 10 షిల్లింగుల విలువ గల శ్రమ ధ్రువీకరణ చీటీలను చలామణిలోకి తెచ్చింది. చీటీ చెల్లుబాటు కావాలంటే ప్రతినెలా దాని విలువలో 1 శాతానికి సమానమైన స్టాంపు అతికించాలి. 10 షిల్లింగుల చీటీకి ఆ ఖర్చు నెలకు 10 గ్రోషెన్లు. కూలీలకు వేతనంగా అందిన చీటీలు దుకాణాలకు, అక్కడి నుంచి పన్నుల రూపంలో తిరిగి పురపాలక సంఘానికి చేరాయి. పన్ను కింద స్వీకరిస్తామన్న హామీయే వర్తకుల నమ్మకానికి మూలం. బకాయిలు వసూలయ్యాయి, వీధుల మరమ్మతులు, వంతెన వంటి పనులు సాగాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. స్థానిక ద్రవ్యం అంటే ఇష్టం వచ్చినంత కాగితం ముద్రించడం కాదు. వోర్గ్ల్ చీటీలకు సమానమైన అసలు షిల్లింగులు స్థానిక సహకార బ్యాంకులో జమ అయి ఉండేవి. 2 శాతం తగ్గింపుతో చీటీని షిల్లింగుగా మార్చుకోవచ్చు. 32,000 షిల్లింగుల విలువైన చీటీలు ముద్రించినా, సగటున చలామణిలో ఉన్నవి సుమారు 5,500 షిల్లింగుల చీటీలే. అంటే పట్టణంలో డబ్బు రాశి పెద్దగా పెరగలేదు. ఉన్న కొద్దిపాటి డబ్బే పలుమార్లు చేతులు మారింది. అధికారిక ద్రవ్యానికి వచ్చిన కరవు అది తక్కువగా ఉండటం వల్ల మాత్రమే వచ్చినది కాదు, దాచుకోవడం లాభసాటి కావడం వల్ల కూడా వచ్చినది.

అయితే ఈ పద్ధతికి పరిమితులున్నాయి. స్టాంపు రుసుము ఒక రకమైన పన్నే. చివరికి చీటీ ఎవరి చేతిలో నిలిచిపోతే ఆ భారం వారిదే. పట్టణం వెలుపలి సరుకుకు షిల్లింగు తప్పనిసరి. ఏడాది అనుభవం దీర్ఘకాల ఫలితాన్ని నిరూపించలేదు. ఆ పరీక్షకు అవకాశం కూడా దక్కలేదు. నోట్ల జారీ తన ప్రత్యేక హక్కు అని ఆస్ట్రియా జాతీయ బ్యాంకు అభ్యంతరం చెప్పడంతో 1933 సెప్టెంబరులో ప్రయోగం ముగిసింది. 1936లో కీన్స్ తన ప్రసిద్ధ ఆర్థిక గ్రంథంలో గెసెల్ భావాలను, వాటి లోపాలతో సహా, గౌరవంగా చర్చించాడు.

ద్రవ్యం ఒకేసారి రెండు పనులు చేస్తుంది: మారకానికి సాధనం, నిలవకు ఆశ్రయం. సంక్షోభ కాలంలో రెండో పని మొదటిదాన్ని మింగివేస్తుంది. వోర్గ్ల్ చీటీ రెండో పనిని వదులుకొని మొదటిదాన్ని నిలబెట్టుకుంది. కనుక భేదం పరిమాణంలో కన్నా స్వభావంలోనే ఉంది. అయితే ఏ డబ్బు చెల్లాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఆ పట్టణం కాక రాజ్యమే సమాధానం చెప్పింది.