వీరమ్మ శిష్యుడు, నాగమ్మ భర్త

"బియ్యానికి కలిసినోళ్ళు" అన్న మాట గోదావరిఖనిలో చాలాసార్లు విన్నాను. కిరస్తానంలో కలిసిన మాల మాదిగల గురించి అనే మాట ఇది. అనేవాళ్ళకి చరిత్ర తెలుసన్న ధీమా కూడా ఉంటుంది. 1876-78 ధాత కరువులో ఒంగోలు దగ్గర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. ఇంకేం కావాలి రుజువు?

కానీ కరువు నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి ఎవరూ చెప్పరు. అసలు కథ కరువుకి పదేళ్ళ ముందే మొదలైంది. తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లోనే బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడు కరువూ లేదు, కాలువా లేదు.

పేరయ్యది తోళ్ళ వ్యాపారం. ఆ పని మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. అయితే అప్పటికే ఆయన దేవుణ్ణి వెతుకుతున్న మనిషి. బండికట్ల వీరమ్మ అనే స్త్రీ ఆయనకి గురువు. ఆమె దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. విగ్రహంలో కాదు, లోపల వెతకమన్న బోధ అది. వీరబ్రహ్మం తత్వాలు, ఆయన మాదిగ శిష్యుడు కక్కయ్య కథ పల్లెల్లో తిరిగిన కాలం. గుడి గడప తొక్కనివ్వని మనుషులు దేవుడి గురించి ఇంత లోతుగా మాట్లాడుకున్నారు. అందులో ఒక ఆడమనిషి గురుపీఠం మీద కూర్చుంది! మిషన్ చరిత్రల్లో పేరయ్య కథ క్లౌ దొరతో మొదలవుతుంది. నాకు మాత్రం వీరమ్మతో మొదలవుతుంది.

వీరమ్మ పేరు మనదాకా వచ్చింది ఇంకో స్త్రీ వల్ల. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ 1894లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో డాక్టరేట్ తీసుకుంది. ఆమె పరిశోధన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. ఆ చేత్తోనే ఒంగోలు ముసలి మాదిగ బోధకుల నోట విన్న కథలని "వైల్ సూయింగ్ శాండల్స్" అని 1899లో పుస్తకంగా వేసింది. 1914లో వచ్చిన క్లౌ ఆత్మకథని ఆయన కోసం భార్య రాసిపెట్టిందని ఆ పుస్తకం ముఖపత్రమే చెబుతుంది. ఆమెతో నాకు పేచీ లేకపోలేదు. యోగమైనా, తత్వమైనా ఆమెకి చర్చి గుమ్మానికి వేసిన మెట్లే. వీరమ్మ మెట్టుగా ఉండిపోవడం నాకు నచ్చదు.

మరి మన సంగతి? మతమార్పిడి మీద మనం రాసేటప్పుడు ఆత్మగౌరవం అంటాం, చదువు అంటాం, వెట్టి నుంచి విడుదల అంటాం. అన్నీ నిజమే. చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పని చెయ్యం అన్నందుకు ఆ తొలి క్రైస్తవులని ఊరు వెలేసింది. ఒట్టి లాభం చూసుకున్నవాళ్ళు అంత నష్టానికి ఒడిగడతారా? విశ్వాసం అనే మాట దగ్గరికొచ్చేసరికి మన కలం ఆగిపోతుంది. పండిత రమాబాయి 1883లో బాప్తిస్మం తీసుకుంది. ఆమె శారదా సదనాన్ని మెచ్చుకున్నంతగా ఆమె దేవుణ్ణి మనం పట్టించుకోలేదు.

ఈ బొగ్గుగనుల ప్రాంతానికీ ఇలాంటి గతం ఉంది. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు రైలెక్కే డోర్నకల్‌కి 1912లో అజరయ్య బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన చుట్టూ చేరింది ఎక్కువగా మాల మాదిగలే. గోదావరిఖని తర్వాత పుట్టిన ఊరు. గనుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు తమ దేవుళ్ళనీ వెంట తెచ్చుకున్నారు.

ఇక్కడ ఆ వెతుకులాట గురించి బయటికి చెప్పుకోవడం తేలిక కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండరు. మన రాష్ట్రాల్లో బీసీ-సి అవుతారు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ ఉత్తర్వుని సవరించారు. క్రైస్తవులకి సవరించలేదు. అందుకే చాలా ఇళ్ళల్లో సర్టిఫికెట్లో ఒక పేరు, ప్రార్థనలో ఇంకో పేరు. పిల్లల సీటు కోసం తల్లి తన దేవుణ్ణి దాచిపెట్టాలి. నిజాయితీగా వెతికావా అని అడిగే హక్కు ఎవరికైనా ఉందేమో గానీ, ఈ ఉత్తర్వుని సమర్థించేవాళ్ళకి లేదు.

వాళ్ళు నోరు విప్పే చోటు ఒకటుంది. దాన్ని "సాక్ష్యం" అంటారు. ఆరాధన మధ్యలో ఒక స్త్రీ లేచి, మొగుడు షిఫ్టుకి పోయిన రాత్రులు, పోయిన బిడ్డ, మొక్కిన మొక్కులు, తిరిగిన దర్గాలు, చివరికి దొరికిన నెమ్మది, అన్నీ వరసగా చెబుతుంది. స్త్రీల ఆత్మకథలని వెతుక్కుంటూ లైబ్రరీలు తిరిగే మాలాంటివాళ్ళం దీన్ని సాహిత్యం లెక్కలో వేసుకోలేదు. నేను విన్న ఒకామె ఇంకా దర్గా దగ్గరే ఉంది, క్రీస్తు దాకా రాలేదు. పాస్టరుగారు గడియారం చూసి, "తొందరగా ముగించమ్మా" అన్నారు. ఆమె కూర్చోలేదు.