కాళ్ల కింద కుంపటి

నెల్లూరు సముద్రపొడ్డున పుట్టినవాడికి నేలను వెచ్చబెట్టుకోవడమంటే నవ్వొస్తుంది. మే నెల మధ్యాహ్నం మైపాడు ఇసుకలో చెప్పుల్లేకుండా పది అడుగులు వేసి చూడండి. ఆ పని సూర్యుడే చేసిపెట్టాడని తెలుస్తుంది. ఇక్కడి ఇళ్లలో నేల ఉన్నది చల్లదనానికే. ఒకప్పుడు పేడతో అలికిన మట్టి, తర్వాత సున్నపు గచ్చు, ఆపైన కడప బండలు. అన్నం తిన్నాక చాపైనా లేకుండా బండ మీద వెల్లకిలా పడుకోవడం మా తరం ఎరిగిన ఏసీ.

అలాగని కింద నుంచి కాపడం పెట్టడం మనకు తెలియని విద్యేం కాదు. బాలింత పడుకున్న నులకమంచం కింద మా అమ్మమ్మ కుంపటి పెట్టేది. మంట లేవకూడదు. నిప్పుల మీద పల్చగా బూడిద కప్పి, చిటికెడు సాంబ్రాణి చల్లేది. నులక సందుల్లోంచి సెగ నడుముకు తగలాలి గానీ చుర్రుమనకూడదు. తక్కువ నిప్పు, ఎక్కువ సేపు. ఆమె లెక్క అంతే.

ఇదే లెక్కను ఇంటి నేలకంతా పట్టించినవాళ్లలో రోమన్లు ముఖ్యులు. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దం తొలినాళ్లలో సెర్గియస్ ఒరాటా అనే వ్యాపారి కొత్తరకం స్నానశాలలు కనిపెట్టాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అవి కింద నుంచి వేడెక్కే నేలలేనని చాలామంది నమ్మకం. అంతకుముందే గ్రీకు స్నానశాలల్లో ఇలాంటి ఏర్పాటు ఉండేదని తవ్వకాలు చెబుతున్నాయి కాబట్టి ఒరాటాకు పూర్తి ఘనత ఇవ్వలేం. నాకు నచ్చింది అతని అసలు వృత్తి: ఆల్చిప్పల పెంపకం. సర్కారు నీళ్లను ఆక్రమించాడని అతని మీద దావా కూడా పడింది. రొయ్యల గుంటల మధ్య బతికే మాకు ఇది ఎక్కడో విన్న కథలాగే ఉంటుంది.

ఆ నేల ఎలా కట్టాలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ వివరంగా రాసిపెట్టాడు. రెండడుగుల ఎత్తు ఇటుక స్తంభాలు, వాటి మీద రెండడుగుల పలకలు, ఆ పైన నేల. స్తంభాలు పేర్చే బంకమట్టిలో వెంట్రుకలు కలపాలట. స్తంభాల కింది అడుగుభాగం ఎంత వాలుగా ఉండాలంటే, లోపలికి బంతి విసిరితే అది దొర్లుకుంటూ మళ్లీ పొయ్యి నోటి దగ్గరికే రావాలి.

రోమ్ మనకు మరీ దూరం కాదు. నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట పక్కన దున్నుతున్న రైతుకు నాగలి ఇటుకలకు తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ముంతలో రోమన్ బంగారు నాణేలు. పాత బంగారమని అతను అమ్మేసుకున్నాడు, చాలావరకు కరిగిపోయే ఉంటాయి. నవాబు ముప్పైకి పైగా రాబట్టాడని మద్రాసు మాజీ గవర్నరు డేవిడ్సన్ 1787లో రాసిన ఉత్తరంలో ఉంది. వాటిలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాణేలున్నాయి. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరిశాయట, కొన్నిటికి మెడలో వేసుకోవడానికి చిల్లులు పొడిచారట. ఆ హేడ్రియన్ తన భవనంలో వెచ్చని నేల మీద నడిచినవాడే. అతని నాణెం మన దాకా వచ్చింది, నేల రాలేదు. ఎందుకొస్తుంది, ఈ ఎండల్లోకి!

మన దేశంలో దానికి చోటు దొరికింది కాశ్మీరులో. అక్కడి మసీదుల హమ్మాముల్లో రాతి పలకల కింద కట్టెలు మండిస్తారు. కానీ ఈ విద్యను ఇంటింటి సంగతిగా మార్చింది కొరియావాళ్లు. వాళ్ల 'ఒండోల్'లో వంటపొయ్యి పొగ గది కింది రాళ్ల మధ్యగా పాకి అవతలి గోడ పొగగొట్టంలోంచి బయటపడుతుంది. పొయ్యికి దగ్గరి చోటు వెచ్చన, అది పెద్దవాళ్లది. ఆలస్యంగా ఇంటికొచ్చేవాళ్ల కోసం అన్నం గిన్నెకు మూతపెట్టి అక్కడే దుప్పటి కింద దాచేవాళ్లు. తర్వాత కట్టెల బదులు బొగ్గు దిమ్మలు వచ్చాయి. నేల పగుళ్లలోంచి విషవాయువు గదిలోకి ఎగదన్ని, నిద్రలోనే ఎన్నో ప్రాణాలు పోయాయి. అప్పుడు పొగ బదులు వేడినీళ్ల గొట్టాలు నేలలోకి దిగాయి. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఒక ఇంట్లోని 'కొరియా గది'లో కూర్చుని మురిసిపోయి, 1937 నాటి జేకబ్స్ ఇంట్లో నేల కింద గొట్టాలు పరిపించాడు.

మా అక్క కూతురు కొరియాలోని సువాన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. మొదటి చలికాలం గ్యాసు బిల్లు చూసి ఫోన్ చేసింది. "రోజంతా ఆపేస్తున్నా మామా, అయినా ఇంత బిల్లేంది?" అని. తప్పు ఆ ఆపడంలోనే ఉంది. గొట్టాల మీది కాంక్రీటు వేడెక్కడానికి గంటలు పడుతుంది. సాయంత్రం వచ్చి పూర్తిగా తిప్పితే, గది వెచ్చబడేసరికి నిద్రపోయే వేళవుతుంది, బాయిలరు మాత్రం ఒగురుస్తూనే ఉంటుంది. పక్కింటి ముసలమ్మ సైగలతో పాఠం చెప్పిందట: ఆపొద్దు, ఆఫీసుకెళ్లేటప్పుడు రెండు మూడు డిగ్రీలు తగ్గించు, చాలు. గదంతా నేలే పొయ్యి కాబట్టి నీళ్లు 35 నుంచి 45 డిగ్రీలుంటే సరిపోతుంది. గోడకు బిగించే పాత రేడియేటర్లకైతే 60, 70 కావాలి. మనుషులు తిరిగే చోట నేల 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం.

ఇంకో దొంగ కూడా దొరికింది. పెళ్లికి మేమిచ్చిన ఏలూరు తివాచీ. మందపాటి ఉన్నిది, హాలంతా పరిచింది. సెగను కిందే అణిచిపెట్టేసింది పాపం. ఇప్పుడది గోడకు వేలాడుతోంది.

ఆ గొట్టాల్లోనే చల్లనీళ్లు పారిస్తే? హైదరాబాదు దగ్గరి పోచారంలోని ఇన్ఫోసిస్ 2011లో ఒక భవనాన్ని రెండు సగాలుగా చేసి చూసింది. ఒక సగానికి మామూలు ఏసీ, రెండో సగానికి శ్లాబులో గొట్టాలు. గొట్టాల సగానికి కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ పట్టింది. మా తీరంలో అది అంత తేలిక కాదు. సముద్రపు గాలి నిండా చెమ్మే. బండ కాస్త ఎక్కువ చల్లబడిందా, వానకు ముందులా చెమర్చి కాలు జారుతుంది. తలుపులు బిగించి, గాలిలో తేమ ముందే తీసేస్తే తప్ప కుదరదు.

కిందటి మేలో మేనకోడలు సెలవుకొచ్చింది. గడప దాటగానే చెప్పులు విడిచి బండ మీద అరికాళ్లు ఆనించి కాసేపు అలాగే నిలబడింది. "మీటలెక్కడున్నాయి మామా దీనికి?" అంది. వాకిట్లో చల్లమని నీళ్ల బిందె చేతికిచ్చాను.