ఎఱ్ఱమల కొండలలో పాడువడిన వజ్రపు గనులు



మన వార్షిక మహాసభా సంచికలో ఏటేట పూర్వుల వంశక్రమములును, దానధర్మములును, సత్రముల చరిత్రములును ప్రకటింపబడుచున్నవి. అవి యెల్ల మనకు గర్వకారణములే. ఈ యేడు మాత్రము పేరు మిగులనివారి చరిత్రమును గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిమి. ఎఱ్ఱమల కొండలలోని పాత త్రోవలవెంట తిరిగి, పాడువడిన వజ్రపు గనులను కన్నులార చూచి వచ్చిన పిమ్మట మాకీ తలంపు కలిగినది.

కర్నూలునుండి బెంగుళూరునకు పోవు రాజమార్గమున వెల్దుర్తి చేరి, అచ్చటినుండి రామళ్ళకోటకు వెళ్ళితిమి. ఊరు దాటిన వెనుక తారుబాట విడిచి బండ్లజాడ పట్టవలెను. తంగేడు పొదలు, తుమ్మచెట్లు, కాలిక్రింద కరకరలాడు గులకఱాళ్ళు. అంతకు మించి యేమియు లేదు. కొంత దూరము నడచిన పిమ్మట నేల యంతయు కుండలు బోర్లించినట్లు మిట్టలును, వాని ప్రక్క గుంతలునుగా కనబడెను. ఆ మిట్టలు ప్రకృతి చేసినవి కావు. మనుష్యులు త్రవ్వి, కడిగి, వెదకి పాఱవైచిన మట్టియు ఱాళ్ళును. మాకు దారి చూపిన గొఱ్ఱెలకాపరి, వృద్ధుడు, “మా నాయన యీ గుంతల కాడికి గొర్రెల్ని రానిచ్చేటోడు గాదు” అని హెచ్చరించెను. గడ్డి కప్పిన గుంత యెంత లోతో పైనుండి తెలియదు.

17వ శతాబ్ది మధ్యకాలమున టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు మన దేశపు వజ్రపు గనులను దర్శించి, 1676వ సంవత్సరమున తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. అతడు వర్ణించిన “రావోల్కొండ” యీ రామళ్ళకోటయే యని పలువురు పండితుల మతము, ఒప్పుకొననివారును కలరు. అచ్చట బండలలో అరవ్రేలు మొదలు వ్రేలెడువఱకు వెడల్పు గల పగుళ్ళుండెడివనియు, కొన వంచిన ఇనుపకడ్డీలతో వానిలోని యిసుకను లాగి, కడిగి, వజ్రములను వెదకెడివారనియు అతడు వ్రాసెను. పగులు ముందుకు సాగనిచోట బరువైన గునపములతో బండను కొట్టెడివారట. ఆ దెబ్బలకు వజ్రములలో బీటలు పుట్టెడివట.

వర్తకుల విధానము మిక్కిలి విచిత్రము. క్రేతయు విక్రేతయు ఎదురెదురుగా కూర్చుండి, వస్త్రము క్రింద చేతులు కలిపి, నోటమాట లేక బేరము చేసెడివారు. చేయి పట్టిన వేయి, వ్రేలు పట్టిన నూఱు, వ్రేలి నడిమి కణుపువఱకు పట్టిన ఏబది, కొన పట్టిన పది. వర్తకుల పిల్లలు, పదునాఱేండ్లు మించనివారు, చెట్టుక్రింద తక్కెడలతో కూర్చుండి కొనుగోళ్ళు జరిపి, సాయంకాలము లాభమును పంచుకొనెడివారు. ఇది చదివిన ఎవరికైనను ముచ్చట కలుగును.

కాని అదే గ్రంథమున మఱియొక వాక్యము కలదు. పనిలో ఆఱితేఱిన కూలివానికి సంవత్సరమునకు వచ్చునది మూడు వరహాలట. ఏబదిమంది కూలివాండ్రపై పండ్రెండు పదునైదుగురు కావలివారు. కృష్ణాతీరమున కొల్లూరు గనిలో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేయుచుండిరని అతడే చెప్పెను. పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును మట్టి మోసెడివారు. ఆ అఱువదివేలలో ఒక్కరి పేరును ఆ గ్రంథమున లేదు. ఇప్పుడు కొల్లూరు గనియు పులిచింతల జలాశయమున మునిగినది.

రామళ్ళకోటనుండి బేతంచెర్ల మీదుగా బనగానపల్లెకు పోతిమి. త్రోవ పొడవున నాపరాతి గనులు. ఈనాటి జీవనము ఆ రాతిపై నడచుచున్నది. బనగానపల్లె 1948వ సంవత్సరమున మద్రాసు రాష్ట్రమున విలీనమగువఱకు నవాబుల సంస్థానము. లోకమున దాని పేరు మామిడిపండువలన ప్రసిద్ధము. భూగర్భశాస్త్రజ్ఞులు మాత్రము ఆ యూరి పేరును ఒక శిలకు పెట్టిరి. 1872వ సంవత్సరమున విలియం కింగు అను పండితుడు భారత భూగర్భ పరిశోధన శాఖ పక్షమున కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. కర్నూలు శిలల అడుగున బనగానపల్లె రాతిపొర యున్నది. అందు పూర్వపు ఏఱులు కొట్టుకొని తెచ్చిన గులకఱాళ్ళు గట్టిపడి యొక పొరయైనవి. వజ్రములు ఆ గులకఱాళ్ళతో కలిసి యుండును. పైనున్న బండ మిక్కిలి కఠినము. అందుచేత కూలివారు నిలువు గుంత త్రవ్వి, అడుగున గులకఱాతి పొర దొరకగానే, దాని వెంట అడ్డముగా సొరంగములు త్రవ్వెడివారు. అందు నిలుచుటకు వీలులేదు, గొంతుకూర్చుండియే పని. మేము ఒక గుంత అంచున నిలిచి లోనికి చూచితిమి. చీకటియు, గబ్బిలముల వాసనయు తప్ప వేఱేమియు తెలియలేదు. లోనికి దిగుటకు మాకు ధైర్యము చాలలేదు. దిగవలదనియే చదువరులకును మా మనవి.

ఈ గనులు ఏల పాడువడెను? 1720వ దశాబ్దమున బ్రెజిలు దేశమునను, 1867వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోను వజ్రములు దొరకుటచే మన వజ్రముల యేకచ్ఛత్రాధిపత్యము పోయినది. సులభముగా చేతికందు పొరలును తఱిగిపోయినవి. పని నిలిచిన పిమ్మట కూలివారు ఎటు పోయిరో వ్రాసినవారు లేరు. నేటికిని తొలకరి వానలు కురియగానే తుగ్గలి, జొన్నగిరి ప్రాంతపు చేలలో వందలకొలది జనులు నేలపై చూపు నిలిపి వజ్రములకై తిరుగుట చూడవచ్చును. ఆశ మాత్రము పాడువడలేదు.

మేము తిరిగి వచ్చిన పిమ్మట మన సంఘ పెద్దలలో ఒకరు, “ఆ వజ్రవర్తకులు మనవారే యని వ్రాయుడు, సంచికకు శోభ కలుగును” అని ప్రేమతో సెలవిచ్చిరి. వారియెడ మాకు గౌరవము మెండు. అయినను అట్లు వ్రాయుటకు మాకు ఆధార మొక్కటియు దొరకలేదు. ఆధారము లేని గొప్పను నేడు మనము అచ్చొత్తించినచో, రేపు మన పిల్లలు దానినే ప్రమాణముగా చూపుదురు; ఎల్లుండి ఇతరులు నవ్వుదురు. అంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. వర్తకులు మనవారని చెప్పుకొనుటకు ఉత్సాహపడుదుమే గాని, గొంతుకూర్చుండి త్రవ్వినవారును మట్టి మోసిన స్త్రీలును మనవారు కావచ్చునని ఏల తలంపము? మూడు వరహాల కూలివాని వంశము ఎవరి యింట నిలిచియున్నదో ఎవరు చెప్పగలరు?

కావున మా మనవి యిది. కర్నూలు, నంద్యాల మండలములలోని సోదర సోదరీమణులు తమ యూళ్ళ సమీపమున పాత గుంతలున్నచో వానిని పూడ్చివేయక, పిల్లలకు దూరమునుండి చూపి, వృద్ధులు చెప్పు మాటలను చెప్పినది చెప్పినట్లుగా వ్రాసి పంపవలెను. విద్యార్థులకు పారితోషికములిచ్చు ధనవంతులైన పోషకులు ఇట్టి సేకరణమునకును కొంత కేటాయింప ప్రార్థితులు. ఏ కులమువారి మాటయైనను త్రోసివేయకుండుటయే దానికి నియమముగా నుండవలెను. పగులులోని యిసుక నంతయు లాగి కడిగిన తరువాతనే గదా వజ్రము కనబడినది.