బ్యాంక్ స్ట్రీట్ కేకలు, టీవీ అడుగున అంకెలు

"ఆ రోజుల్లో షేర్ల వ్యాపారం ఎంత నిజాయితీగా ఉండేదండీ! ఈ టీవీ ఛానళ్లు వచ్చి దాన్ని గేమ్ షో చేసి పారేశాయి" అని మా కాలనీ పార్కులో పెద్దమనుషులు వాపోతుంటారు. రెండో మాటలో నిజముంది. మొదటిది వింటే మాత్రం నాకు నవ్వొస్తుంది. షేర్ల ట్రాన్స్‌ఫర్ డీడ్ల మీద స్టాంపులు అంటించి వేళ్లు అరగదీసుకున్నవాణ్ణి, ఆ నిజాయితీ ఏపాటిదో నాకు తెలుసు.

హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ నిజాం ఏలుబడిలో, 1943లో పుట్టింది. కోఠీలో ఓ అద్దె భవనంలో మొదలైంది. 1958లో కేంద్రం గుర్తింపు దక్కింది. 1989లో బ్యాంక్ స్ట్రీట్‌లో సొంత భవనం కట్టుకుంటే అప్పటి ఉపరాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ గారు వచ్చి ప్రారంభించారు. ఆ రోజుల్లోనే నేను ఓ సబ్‌బ్రోకర్ సేటు దగ్గర గుమాస్తాగా కుదిరాను.

ఎక్స్ఛేంజ్ హాలులో బ్రోకర్లు గుమిగూడే రింగులో ట్రేడింగ్ అంటే కేకలే. అమ్మేవాడూ కొనేవాడూ ఒక ధరకు ఒప్పుకోగానే ఇద్దరూ ఎవరి సౌదా పుస్తకంలో వాళ్లు గీకి పెట్టుకునేవారు. కిటుకంతా ఆ తర్వాతే. తెనాలి నుంచో నల్గొండ నుంచో ఉత్తరం రాసి వంద షేర్లు కొనిపెట్టమన్న ఆసామికి రింగులో సౌదా ఎంతకు కుదిరిందో తెలిసే దారి లేదు. మర్నాడు పేపర్లో ఆ రోజు పలికిన గరిష్ఠ ధర, కనిష్ఠ ధర పడేవి. ఆ రెంటి మధ్య సేటు ఏ అంకె వేసినా ఆసామి కాదనలేడు. కొన్నవాడికి పైధర, అమ్మినవాడికి కిందిధర రాసి, మధ్యలో మిగిలింది సేటు జేబులో వేసుకునేవాడు. పైగా బ్రోకరేజి వేరే!

ఇక కాగితాల బాధ. షేర్ సర్టిఫికెట్ మీద ఫోలియో నంబరు, సర్టిఫికెట్ నంబరు, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా అని షేర్ల వరుస నంబర్లు ఉండేవి. అవన్నీ తప్పు పోకుండా డీడ్ మీదికి ఎక్కించాలి. డీడ్ మీద కంపెనీల రిజిస్ట్రార్ (ఆర్‌ఓసీ) తేదీ ముద్ర ఉందో లేదో చూడాలి, గడువు దాటిందేమో లెక్కపెట్టాలి, షేర్ ట్రాన్స్‌ఫర్ స్టాంపులు అంటించాలి. ఇంతా చేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అమ్మినాయన సంతకం కలవలేదని రెండు నెలలకు కట్ట తిరిగొచ్చేది. పదేళ్ల కిందట నిలబడి చేసిన సంతకాన్ని పక్షవాతం వచ్చిన చేత్తో మళ్లీ అలాగే పెట్టమంటే ఎవరు పెడతారు? బ్యాడ్ డెలివరీ అనేవాళ్లం దాన్ని. ఈలోగా ధర సగానికి పడిపోతే ఏడవాల్సింది కొన్నవాడే.

1992 ఏప్రిల్ 2న సెన్సెక్స్ 4,467కి ఎక్కింది. అదే నెలలో హర్షద్ మెహతా భాగోతం బయటపడింది. మనవాళ్లకు అసలు దెబ్బ తగిలింది ఆ తర్వాత. కొత్త షేర్ల ధర నిర్ణయించే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఆ ఏడాదే మూతపడింది. ఇక ఎవరికి తోచిన ధరకు వాళ్లు ఇష్యూలు తెచ్చారు. మన కోస్తాలో రొయ్యల చెరువుల కంపెనీలు వరసకట్టాయి. 1994, 95లో తెల్లమచ్చ రోగం చెరువుల్ని ఊడ్చేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంత చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ రొయ్యల కంపెనీల్లో చాలావాటి సర్టిఫికెట్లు నేటికీ ఎవరెవరి ట్రంకు పెట్టెల్లోనో అడుగున పడి ఉన్నాయి. రంగులు మాత్రం భలే వేసేవారు.

కేకలు ఆపింది కంప్యూటరు. 1994 నవంబరులో ఎన్‌ఎస్‌ఈ, 1995 మార్చిలో బొంబాయి ఎక్స్ఛేంజ్, 1997లో మా హైదరాబాద్ కంప్యూటర్ ట్రేడింగ్ మొదలుపెట్టాయి. షేర్లు కాగితం వదిలి డీమ్యాట్ ఖాతాల్లోకి వచ్చాక నా జిగురు సీసా ఎండిపోయింది. 1999 డిసెంబరులో బిజినెస్ ఛానల్ సీఎన్‌బీసీ ఇండియా మొదలై, టీవీ తెర అడుగున షేర్ల ధరల అంకెలు పరుగు తీశాయి. సేటుకు తెలిసిన ధర దాదాపు అదే క్షణంలో గుంటూరులో ఇల్లాలికీ తెలిసింది. ఆ పట్టీ చేసినంత మేలు చిన్న మదుపరికి ఏ ఉపన్యాసమూ చేయలేదు. ఎక్స్ఛేంజ్ సోమాజిగూడకు మారినా వ్యాపారం నిలవలేదు. 2007లో గుర్తింపే పోయింది.

2000 జూలైలో అమితాబ్ బచ్చన్ గేమ్ షో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైంది. దాని పోకడలు చూస్తుండగానే బిజినెస్ ఛానళ్లలోకీ వచ్చేశాయి. గంట మోగేదాకా గడియారం, ఎద్దూ ఎలుగూ బొమ్మలు, ఫోన్లో ఎవరో "సార్, నా దగ్గర రెండొందల షేర్లున్నాయి, ఉంచనా అమ్మనా?" అనడం, నిపుణుడు అర నిమిషంలో టార్గెట్, స్టాప్‌లాస్ చెప్పేయడం. అమితాబ్ ముందు ఓడినవాడి సొంత సొమ్ము పైసా పోదు. ఇక్కడ పోయేది ఫోన్ చేసినాయన పీఎఫ్ డబ్బు. ఆ నిపుణులందరూ ఉత్త పుణ్యానికి కూర్చోలేదు కూడా. టీవీలో చెప్పబోయే షేర్లను ముందే కొనిపెట్టుకున్నారని 2021లో ఓ యాంకరు మీద, ముందే చెప్పి వేరేవాళ్ల చేత కొనిపించారని 2024లో కొందరు అతిథి నిపుణుల మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వులిచ్చింది. సేటు ధరలో కొట్టేశాడు, వీళ్లు సలహాలో కొట్టేస్తున్నారన్నమాట.

ఆట ఇప్పుడు ఫోన్లోకీ దిగింది. 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు సెబీయే తీసింది: ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటిమందికి పైగా మామూలు జనంలో 93 శాతానికి నష్టమే, అంతా కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. పార్కులో పెద్దమనుషులకు నేను చెప్పేది ఒకటే: ధర చూసుకోవడానికి టీవీ పెట్టుకోండి, నిపుణుడు నోరు తెరవగానే మ్యూట్ నొక్కండి.