దుమ్ముకు దడి

ఆషాఢం వచ్చిందంటే కొత్త కోడళ్లు పుట్టిళ్లకు చేరతారు, దుమ్మేమో మన ఇళ్లకు చేరుతుంది. తార్నాకలో ఉంటున్నదాన్ని గనక ఈ పడమటి గాలి సంగతి నాకు బాగా తెలుసు. రోడ్డువైపు కిటికీని పొద్దున తుడిస్తే, మధ్యాహ్నానికి దానిమీద వేలితో ముగ్గు వెయ్యొచ్చు. కానుగచెట్టు నీడనున్న పెరటి కిటికీకి మాత్రం వారానికోసారి గుడ్డ చూపిస్తే చాలు. ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో చెట్ల వరసల మధ్య నడిచినా ఆ తేడా ముఖానికే తెలుస్తుంది.

తార్నాక పేరు వెనకే ఒక కంచె కథ చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. పూర్వం ఇక్కడి తోటకు తీగకంచె వేసి కాపలా పెట్టారట. తీగకంచె మేకను ఆపుతుంది గాని దుమ్మును ఆపదు కదా! దుమ్ముకు చెట్ల దడే కావాలి.

ఈ దడికీ చరిత్ర ఉంది. 1934 జులై 5న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మన ఆర్ట్స్ కాలేజీ భవనానికి శంకుస్థాపన చేశారు. అదే నెలలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరో కట్టడానికి ఉత్తర్వు వేశారు. అది రాతి కట్టడం కాదు, చెట్ల కట్టడం! అక్కడి మైదానాల్లో గడ్డిని దున్నేసి గోధుమ వేశారు. వానలు ముఖం చాటేశాయి. పట్టు తప్పిన మట్టి గాలికి లేచి, ఆ ఏడు మే నెలలో న్యూయార్కు దాకా వెళ్లింది. 1935 ఏప్రిల్ 14న పగలే చీకటి కమ్మేసి, ఆ రోజుకు ‘నల్ల ఆదివారం’ అన్న పేరు మిగిలిపోయింది. 1942 దాకా ఉత్తర డకోటా నుంచి టెక్సాస్ వరకు సుమారు 22 కోట్ల చెట్లు నాటారు. నేల రైతు ఇస్తే, మొక్కల ఖర్చు చాలావరకు సర్కారు భరించింది.

గోడ కడితే పోలేదా అంటారేమో. గోడకు కొట్టుకున్న గాలి పైకెగిరి, అవతల సుడి తిరిగి, పడి ఉన్న దుమ్మునూ లేపుతుంది. చెట్ల వరస జల్లెడలాంటిది. సగం ఆపుతుంది, సగం పోనిస్తుంది. జోరు తగ్గిన గాలి మొయ్యలేక బరువైన రేణువుల్ని దించేస్తుంది. సన్నదుమ్ము కొంత ఆకులకంటుకుని, వాన పడినప్పుడు నేలకు దిగుతుంది. చెట్టు ఎత్తుకు పది పదిహేను రెట్ల దూరం దాకా ఈ చలవ అందుతుంది. 30 అడుగుల చెట్టయితే 300 అడుగుల పైమాటే.

మనకు దుమ్మంటే చీపురు పని. మెట్టరైతుకు అది బతుకు. మనం చేటలో చెరిగితే పొట్టు పోయి గింజ మిగులుతుంది. గాలి పొలాన్ని చెరిగితే అంతా తలకిందులే. సారమున్న సన్నమట్టి ఎగిరిపోయి ముతక ఇసుక మిగులుతుంది. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతాలది మరీ కష్టం. వేదవతిని అక్కడ హగరి అంటారు. ఎండిన ఆ ఏటి ఇసుకను ఈ ఆషాఢపు గాలే మోసుకొచ్చి పొలాలమీద మేటలు వేస్తుంది. అలాంటి చోట చెట్ల వరస అందం కోసం కాదు, చేను నిలవడం కోసం.

అయితే చెట్టు ఊరికే రాదు. గట్టు పక్క సాళ్లమీద నీడ పరుస్తుంది, నీరు లాగేస్తుంది. ఆ నష్టం ఏటేటా కంటికి కనిపిస్తుంది. ఎగిరిపోకుండా నిలిచిన మట్టి మాత్రం ఎవరికీ కనిపించదు. అందుకేనేమో, పెద్ద యంత్రాలూ, పొలంలో గుండ్రంగా తిరిగే నీటి గొట్టాలూ వచ్చాక, అమెరికాలో తాతలు నాటిన వరసల్ని చాలాచోట్ల మనవలే కొట్టేశారు. ఆకులు ఊడవలేక చెట్టు కొట్టించేవాళ్లు మన వీధుల్లో మాత్రం లేరూ?

నాకు తోచేది ఒక్కటే. గట్టున చెట్లు పెంచే రైతు, తన సాళ్లు రెండు వదులుకుని, గాలివాలున ఉన్న పక్కచేనుకు కూడా కాపు కాస్తున్నాడు. చలవ పదిమందికీ అందుతున్నప్పుడు, ఆ రెండు సాళ్ల నష్టం అతనొక్కడి నెత్తినే వెయ్యడం న్యాయమా, మీరే చెప్పండి!