కెమెరా పట్టిన సంఘం అక్కలు

టీవీలో మన ఊరు ఎప్పుడు కనిపిస్తది? కరువొచ్చినప్పుడో, రైతు ప్రాణం తీసుకున్నప్పుడో. అదీ వేరేవాళ్ల మాటల్లోనే. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దీన్ని మార్చింది మనలాంటి సంఘం ఆడవాళ్లే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత రైతక్కలు, చదువు రానివాళ్లు కూడా, కెమెరా నేర్చుకున్నరు. వరంగల్ రైతుల బీటీ పత్తి గోసను 2003లో సినిమా తీసిండ్రు.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతి దారి 2006లో గానీ తెరుచుకోలేదు. 2008 అక్టోబరు 15న మాచ్నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే.

పొదుపు లెక్కలు మనమే రాసుకుంటున్నాం. మన కష్టసుఖాల లెక్క ఇంకొకరి చేతిలో ఎందుకుండాలె?