చక్కెర జబ్బు, టీకా మందు: అరబ్బు సముద్రం మీద ఒక చరిత్ర



ఈ సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యవర్గం వారు కోరారు. రాజుల గురించి, రాజ్యాల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మేము ఒక జబ్బు చరిత్రను, ఒక మందు చరిత్రను ఎంచుకున్నాము. మా తాతగారు బడిపంతులు, మా నాన్నగారు బడిపంతులు, మేమూ అదే వృత్తిలో తలనెరిసినవాళ్ళం. ఎక్కడైనా పాఠం చెప్పినట్టు వినబడితే పెద్దలు మన్నించగలరు.

బురైమిలో సాయంకాలపు తెలుగు తరగతికి పిల్లలను తీసుకువచ్చే తాతయ్యలు, అమ్మమ్మలతో మాట్లాడుతుంటే రెండు మాటలు తరచు చెవిన పడుతుంటాయి. "మాకు షుగరు అదుపులోనే ఉందండీ, ఇంక టీకాలెందుకు?" అనేది ఒకటి. "ఇప్పుడు షుగరు ఎక్కువగా ఉంది, తగ్గాక వేయించుకుంటాం" అనేది రెండవది. వినడానికి రెండూ సబబుగానే ఉంటాయి. గడిచిన వంద సంవత్సరాల చరిత్ర మాత్రం రెండూ సరికావనే చెబుతోంది.

మధుమేహం మనకు కొత్త జబ్బు కాదు. చరకుడు, సుశ్రుతుడు దాన్ని ఎరుగుదురు. రోగి మూత్రానికి చీమలు పడతాయన్న సంగతిని మన ప్రాచీన వైద్యులు గుర్తించారు. జబ్బును గుర్తించారు గాని, దానికి తగిన మందు దొరకడానికి 1921 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఆ మందు ఎక్కించారు. అది అంతగా పనిచేయలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధిచేసి ఇచ్చాక, 23వ తేదీన ఎక్కించిన మందుతో ఆ కుర్రవాడు కోలుకున్నాడు.

పాఠ్యపుస్తకాలు ఇక్కడితో కథ ముగిస్తాయి. తరువాతి సంగతి చాలామందికి తెలియదు. లెనార్డ్ మరి పదమూడేళ్ళు బతికి, 1935లో ఇరవై ఏడవ ఏట న్యుమోనియాతో చనిపోయాడు. చక్కెర నుంచి కాపాడిన సూదిమందు ఊపిరితిత్తుల జబ్బు నుంచి కాపాడలేకపోయింది. న్యుమోనియాను తెచ్చే ముఖ్యమైన సూక్ష్మజీవులలో ఒకటైన న్యుమోకాకస్‌కు అమెరికాలో టీకా అనుమతి పొందింది 1977లో. ఇరవైమూడు రకాలపై పనిచేసే టీకా 1983లో వచ్చింది. ఫ్లూ టీకా అంతకుముందే ఉంది. 1957-58 నాటి ఫ్లూ ప్రపంచాన్ని చుట్టివచ్చాక, దీర్ఘవ్యాధులు ఉన్నవారు ఏటేటా ఆ టీకా వేయించుకోవాలని 1960లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి సలహా ఇచ్చారు.

షుగరుకూ టీకాకూ సంబంధం ఏమిటని పిల్లలు అడుగుతారు. రక్తంలో చక్కెర బాగా పెరిగితే, సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. అలా జబ్బు తేలికగా అంటుకుంటుంది. అంటుకున్న జబ్బు ఒంట్లో చక్కెరను మరింత పెంచుతుంది. ఒకదానినొకటి ఎగదోసే ఈ రెండింటిలో ఒకదాన్ని అదుపులో పెట్టి, రెండవదాన్ని వదిలేస్తే చాలదు. షుగరు చక్కగా ఉన్నవారికి కూడా వయసు, మూత్రపిండాల బలహీనత, గుండె జబ్బు వంటివి తోడవుతుంటాయి. కాబట్టి షుగరు అదుపు టీకాకు బదులు కాదు, టీకా షుగరు అదుపుకు బదులు కాదు.

ఇక మనం ఉన్న ఈ ప్రాంతం సంగతి చూద్దాం. మశూచికి టీకా మొదట మన దేశానికి ఎలా చేరిందో తెలుసునా? వియన్నా నుంచి కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాదు, బస్రాల మీదుగా వచ్చి, అక్కడినుంచి ఓడలో బొంబాయి చేరింది. ఆ ఓడ ఒమాన్ తీరం పక్కగానే వెళ్ళింది. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ళ ఆనా డస్ట్‌హాల్ అనే పాపకు దేశంలో మొదటి టీకా పడింది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకున్న మన ఊళ్ళకు ఆ రక్షణ వచ్చింది ఈ సముద్రం మీదుగానే.

బురైమి ఒయాసిస్సులో ఆధునిక వైద్యం బాగా ఆలస్యంగా మొదలయింది. మన పక్కనే ఉన్న అల్ ఐన్‌లో 1960 నవంబరులో పాట్ కెనెడీ, మేరియన్ కెనెడీ అనే అమెరికను డాక్టరు దంపతులు, షేక్ జాయెద్ ఇచ్చిన మట్టి ఇంట్లో ఆసుపత్రి తెరిచారు. ఆ ఒయాసిస్ ఆసుపత్రే తరువాత కనద్ ఆసుపత్రి అయింది. 1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కాక ఒమాన్‌లో ఆసుపత్రులు, బడులు, బాటలు విస్తరించాయి. 1981లో పిల్లల టీకాల జాతీయ కార్యక్రమం మొదలయింది. 1990లో హెపటైటిస్ బి టీకా అందులో చేరింది. ఆ మరుసటి ఏడు, 1991లో, దేశమంతటా జరిపిన పరీక్షలలో పెద్దవారిలో పదిమందికి ఒకరికి మధుమేహం ఉన్నట్టు తేలింది. పిల్లలను టీకాలు కాపాడుతున్న కాలంలోనే పెద్దలను చక్కెర పట్టుకుంది.

హెపటైటిస్ బి రక్తం ద్వారా అంటుకొని కాలేయాన్ని దెబ్బతీసే వ్యాధి. దీని టీకా కథలో మనకు గర్వకారణమైన సంగతి ఒకటి ఉంది. అప్పట్లో ఆ టీకా విదేశాల నుంచి వచ్చేది, ఖరీదు సామాన్యునికి అందేది కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఇంజనీరు వరప్రసాద్ రెడ్డిగారు దాన్ని మన దగ్గరే తయారుచేయాలని 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. శాంత అన్నది వారి తల్లిగారి పేరు. డబ్బు పెట్టడానికి ముందుకు వచ్చేవారు కరువైన రోజులలో, ఒమాన్ విదేశాంగ వ్యవహారాలు చూస్తున్న యూసుఫ్ బిన్ అలవి గారు పెట్టుబడి పెట్టి పెద్ద వాటాదారు అయ్యారు. 1997లో షాన్‌వాక్-బి విడుదలయింది. దానితో ఆ టీకా ధర బాగా దిగివచ్చింది. 1802లో ఈ సముద్రం దాటి మనకు టీకా వచ్చింది. 1990లలో ఇదే సముద్రం దాటి ఒమాన్ సొమ్ము మన గడ్డకు చేరి టీకా అయింది. మనం ఉప్పు తింటున్న దేశానికీ, మన పూర్వుల దేశానికీ మధ్య ఇంతకంటె మంచి బంధుత్వం ఏముంటుంది!

ఈ టీకాకు చక్కెర జబ్బుతో సంబంధం ఉన్నదని తేలింది ఆ తరువాత. ఇంట్లోనే షుగరు చూసుకునే యంత్రాలు వచ్చాక అదుపు సులభమయింది. కాని అమెరికాలో వృద్ధాశ్రమాల వంటి చోట్ల వేలికి గుచ్చే పరికరం ఒకరిది ఒకరికి వాడడంవల్ల హెపటైటిస్ బి వ్యాపించింది. ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరసు వారం రోజులు బతకగలదు. ఇరవై మూడు నుంచి యాభై తొమ్మిదేళ్ళ లోపు మధుమేహులకు ఆ వ్యాధి ముప్పు ఇతరులకంటె రెట్టింపు అని అక్కడి లెక్కలు చూపాయి. అందుకే అరవై ఏళ్ళలోపు మధుమేహులందరికీ ఈ టీకా వేయాలని 2011లో అక్కడి నిపుణుల సంఘం చెప్పింది. అరవై దాటినవారి విషయం డాక్టరు నిర్ణయానికి విడిచింది. వయసు పెరిగేకొద్దీ ఈ టీకా పట్టు తగ్గుతుంది. కనుక ఆలస్యం పనికిరాదు.

మన ఇళ్ళలో ఏం జరుగుతున్నదో ఆలోచించండి. పండుగకు చుట్టాలు వస్తారు. భోజనాల ముందు ఒక్క యంత్రం తీసి, ఒకే పెన్నుతో బావగారు, వదినగారు, పెద్దమ్మ వరసగా వేలు గుచ్చుకుంటారు. ప్రేమతో చేసే పనే, కాని ప్రమాదకరం. సూది మార్చినా చాలదు, గుచ్చే పెన్ను కూడా ఎవరిది వారికి ఉండాలి. 1990 తరువాత ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ టీకా పసితనంలోనే పడింది. పడనిది వారి తాతలకు, అమ్మమ్మలకు.

షుగరు తగ్గేదాకా టీకా ఆపనక్కరలేదు. తీవ్రమైన జ్వరం ఉంటే తప్ప డాక్టర్లు వాయిదా వేయరు. టీకా వేశాక ఒకటి రెండు రోజులు షుగరు కొంచెం పెరగవచ్చు. యంత్రంతో చూసుకుంటూ, మందులు మానకుండా ఉంటే చాలు. ఫ్లూ టీకా ఏటేటా, న్యుమోనియా టీకా, హెపటైటిస్ బి టీకా డాక్టరు చెప్పిన లెక్కన వేయించుకోవాలి.

చిరంజీవులకు ఒక చిన్న పని చెబుతున్నాము. తాతయ్య షుగరు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ తెరిచి, వేయించుకున్న టీకాల పేర్లు, తేదీలు మీ చేతితో, తెలుగులో రాయండి. ఖాళీగా ఉన్న గడులు ఏవో చూసి, ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. లెనార్డ్ థాంప్సన్‌కు అందనిది మన పెద్దలకు అందుబాటులోనే ఉంది.